అటెస్టేషన్ ఫారంలో ఆ ఏడు నెలలు

ప్రశ్న: అయ్యా, మాది హిందూపురం దగ్గరి పల్లె. బెంగళూరులో పీణ్యలోని ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తూ దాసరహళ్లిలో ఉంటున్నాను. రక్షణ పరిశోధనకు చెందిన ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో సాంకేతిక ఉద్యోగానికి ఎంపికయ్యాను. నియామకానికి ముందు నా గతాన్ని విచారించడానికి వివరాలు నింపి ఇవ్వవలసిన అటెస్టేషన్ ఫారాన్ని 20 రోజుల్లో పంపమన్నారు. నా భయం నా గతం గురించి. 2021లో పని దొరకక మారతహళ్లి పీజీలో ఉన్నప్పుడు ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టి, రెండేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్ తీసుకుని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. ఏడు నెలలకు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడి తీసేశారు. పోలీసు కేసు పెట్టలేదు. ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో ఆన్‌లైన్ రమ్మీ అలవాటై అప్పులపాలయ్యాను. ఇప్పుడు క్రెడిట్ కార్డుల మీద 2,90,000, పర్సనల్ లోన్ 3,10,000, లోన్ యాప్‌లలో 80,000, స్నేహితుల దగ్గర 60,000, మొత్తం 7,40,000 రూపాయలు బాకీ. జీతం చేతికి 46,000 వస్తుంది. పర్సనల్ లోన్ కిస్తులు రెండు, మొత్తం 22,800 రూపాయలు, ఖాతాలో డబ్బు లేక బౌన్స్ అయ్యాయి. ఆరు రోజుల క్రితం లాయర్ నోటీసు అందింది. ఇంజినీరింగ్ మూడో ఏట చీటీతో దొరికి ఒక సెమిస్టరు పోయింది కానీ అది పాత సంగతి. ఆ ఏడు నెలల ఉద్యోగం రాయొద్దని రూమ్మేట్లు అంటున్నారు. అమెరికాలో వర్జీనియాలో ప్రభుత్వ కాంట్రాక్టు పని చేసే మా బావ మాత్రం అన్నీ రాసేయమంటున్నారు. నాన్నకు ఇవేవీ తెలియవు. ఏం చేయాలి?

సమాధానం: మీరు అడిగింది ఫారం గురించే అయినా నేను నోటీసుతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు గడువు ముగిసేది దానికే. మీ ఖాతా నుంచి నెలనెలా తీసుకోమని బ్యాంకుకు రాసిచ్చిన కిస్తు డబ్బు లేక తిరిగిపోతే, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలోని 25వ సెక్షను కింద అది చెక్కు బౌన్స్ లాంటి నేరమే అవుతుంది, రెండేళ్ల దాకా జైలు గానీ ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. అయితే బౌన్స్ అయినంత మాత్రాన నేరం పూర్తికాదు. నోటీసు చేతికందిన నాటి నుంచి 15 రోజుల్లో ఆ మొత్తం కట్టేస్తే వ్యవహారం అక్కడితో ఆగిపోతుంది, కట్టకపోతేనే అప్పిచ్చినవారు ఆపై నెల రోజుల్లోపు కోర్టుకు వెళ్లగలుగుతారు. మీరు ఉత్తరం రాసేనాటికే ఆరు రోజులు గడిచాయి. మిగిలిన తొమ్మిది రోజుల్లోపు ఆ 22,800 రూపాయలు సర్దండి, అందుకోసం ఫోను అమ్మవలసి వచ్చినా, స్నేహితుల బాకీ మరో నెల వెనక్కి జరపవలసి వచ్చినా వెనకాడవద్దు. బ్యాంకు ఖాతా నుంచే చెల్లించి, రసీదును జతచేసి, నోటీసు పంపిన న్యాయవాదికి రిజిస్టర్డ్ పోస్టులో జవాబు పంపండి. నోటీసులో అడిగిన మొత్తం ఈ రెండు కిస్తులేనా, లేక మొత్తం అప్పునా అన్నది ముందుగా సరిచూసుకోండి. మొత్తం అప్పు అడిగి ఉంటే ఏమి కట్టాలి, ఎలా జవాబివ్వాలి అన్నది ఒక న్యాయవాదికి చూపించి తేల్చుకోవాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ ఫారానికీ ఈ నోటీసుకూ నేరుగా సంబంధం ఉంది. అటెస్టేషన్ ఫారంలో అప్పులెన్ని అని అడిగే గడి లేదు. కానీ ఫారం నింపే నాటికి మీ మీద ఏ కోర్టులోనైనా కేసు నడుస్తోందా అని అడిగే గడి ఉంది. లాయర్ నోటీసు కేసు కాదు కాబట్టి ఈరోజు ఆ గడిలో 'లేదు' అని రాస్తే అది నిజమే అవుతుంది. డబ్బు కట్టకుండా ఊరుకుంటే, ఫారం మీ సంచిలో ఉండగానే కేసు దాఖలై, అదే 'లేదు' అబద్ధంగా మారిపోయే ప్రమాదం ఉంది. ఫారం ఇచ్చేసిన తర్వాత కేసు పడినా ఊరుకునే వీలు లేదు. అలాంటి పరిణామాన్ని వెంటనే సంస్థకు తెలపాలని, తెలపకపోతే దాచినట్టే లెక్కిస్తామని ఫారం మొదట్లోనే హెచ్చరిక ఉంటుంది. చాలామంది ఆ పై భాగం చదవకుండా నేరుగా పేరు రాయడం మొదలుపెడతారు. పరిపాలన విభాగంలో ఉద్యోగం చేసిన కాలంలో నేను చూసిన ఫారాలలో కొట్టివేతలు, దిద్దుబాట్లు లేనివి తక్కువ, ఆ హెచ్చరికను చదివి నింపినవి ఇంకా తక్కువ.

ఇక ఆ ఏడు నెలల సంగతి. ఫారంలో ఉద్యోగాల గడి ప్రభుత్వ ఉద్యోగాలనే కాదు, ప్రైవేటు సంస్థలలో చేసినవాటిని కూడా, చేరిన తేదీ, విడిచిన తేదీ, యజమాని చిరునామా, విడవడానికి కారణంతో సహా అడుగుతుంది. కాబట్టి మీ రూమ్మేట్లు ఇస్తున్న సలహా, మర్యాదగా చెప్పాలంటే, మొదటి అబద్ధాన్ని కప్పడానికి రెండో అబద్ధాన్ని అప్పు తెమ్మనడం. పైగా ఆ కంపెనీలో మీకు పీఎఫ్ కట్టి ఉంటే మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ నంబరు) ఖాతాలో చేరిన తేదీ, విడిచిన తేదీ ఉండి ఉంటాయి. జీతంలో పన్ను కోసి ఉంటే ఆదాయపు పన్ను శాఖవారి 26ఏఎస్ పత్రంలో ఆ కంపెనీ పేరు కనిపిస్తుంది. మీరు మరిచిపోవాలనుకుంటున్న ఏడు నెలలు రెండు ప్రభుత్వ ఖాతాలలో భద్రంగా ఉన్నాయన్నమాట. ఇప్పుడు ఎవరి కంటా పడకపోవచ్చు. కానీ తప్పుడు సమాచారం ఇచ్చినట్టు ఉద్యోగ కాలంలో ఎప్పుడు తెలిసినా తొలగించవచ్చని అదే ఫారం చెబుతోంది. పెళ్లయి, పిల్లలు బడికి వెళ్తున్న వయసులో ఆ కాగితం బయటకు వస్తే ఏమవుతుందో ఆలోచించండి.

అయితే మీ బావగారి మాట కూడా యథాతథంగా తీసుకోవద్దు. ఆయన చెప్పింది ఆయనున్న దేశానికి సరిగ్గా సరిపోతుంది. అక్కడ రహస్య సమాచారం చూసేందుకు అనుమతి కోరేవారిని పరిశీలించడానికి 13 అంశాలతో బహిరంగమైన మార్గదర్శకాలున్నాయి, ఇప్పుడున్న రూపంలో అవి 2017 జూన్ నుంచి అమలులో ఉన్నాయి. అప్పులు అందులో ఒక అంశం, వ్యక్తిగత నడవడిక మరో అంశం. ప్రతి అంశం కింద అనుమానం కలిగించేవేమిటో, ఆ అనుమానాన్ని తగ్గించేవేమిటో రెండూ రాసి ఉంటాయి. తప్పు జరిగి ఎంతకాలమైంది, మళ్లీ జరిగే అవకాశం ఉందా, అప్పు తీర్చడానికి మనసు పెట్టి ప్రయత్నిస్తున్నారా, దురలవాటుకు సహాయం తీసుకున్నారా అన్నవి అక్కడ అభ్యర్థికి అనుకూలంగా లెక్కకు వస్తాయి. మన దగ్గర అభ్యర్థి చేతికి అలాంటి జాబితా ఎవరూ ఇవ్వరు. మనకున్నవి ఫారంలోని ప్రశ్నలు, కోర్టు తీర్పులు, ఆపైన నియమించే అధికారి విచక్షణ. అందువల్ల ఇక్కడ పాటించవలసిన పద్ధతి వేరు. అడిగిన ప్రతిదానికీ పూర్తిగా, నిజంగా జవాబివ్వండి. అడగని దానికి పేజీలు నింపవద్దు.

ఈ తేడాను సుప్రీంకోర్టే తేల్చిచెప్పింది. 2016 జూలైలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ఇప్పటికీ ఆధారం. కేసులు, అరెస్టులు, శిక్షల గురించి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని, ఏదీ దాచకూడదని అది చెప్పింది. అదే తీర్పు, దాచారని అభ్యర్థిని తప్పుపట్టాలంటే ఫారంలోని ప్రశ్న స్పష్టంగా ఉండాలని, స్పష్టంగా అడిగిన సమాచారానికే అభ్యర్థిని బాధ్యుణ్ణి చేయాలని కూడా చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసులను దాచినా అధికారి తన విచక్షణతో క్షమించవచ్చని అందులో ఉంది. దానికి ముందే 2011లో, ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి ఎంపికై పాత కొట్లాట కేసు రాయని ఒక యువకుడి విషయంలో, కుర్రతనంలో చేసిన పొరపాట్లను జీవితాంతం మోయించకూడదన్న ధోరణిలో కోర్టు అతని పక్షం వహించింది. ఇవి చదివి మీ రూమ్మేట్లు సంతోషించవచ్చు కాబట్టి మిగతా సగం కూడా చెప్పాలి. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని ఏమీ లేదు, గతాన్ని పరిశీలించి తిరస్కరించే హక్కు యజమానికి ఉంటుందని కూడా అవతార్ సింగ్ తీర్పే అంటుంది. పైగా ఆ తీర్పులన్నీ పోలీసు కేసుల చుట్టూ తిరిగినవి. మీది కేసు కాదు, ఒక పత్రం విషయంలో చేసిన మోసం. నా అంచనా అడిగితే, ఒక చిన్న కొట్లాట కేసు కన్నా దొంగ అనుభవ పత్రాన్నే ఒక రక్షణ సంస్థ ఎక్కువ బరువుగా చూస్తుంది, ఎందుకంటే రేపు మీరు సంతకం పెట్టబోయే టెస్టు రిపోర్టులను అది నమ్మవలసి ఉంటుంది.

కాబట్టి రాయండి, కానీ తెలిసి రాయండి. ముందుగా మీ దరఖాస్తు నకలు తీసి చూడండి. అక్కడ సంబంధిత రంగంలోని అనుభవాన్నే అడిగి, మీరు పీణ్య ఉద్యోగాన్ని మాత్రమే రాసి ఉంటే చిక్కు లేదు. అన్ని ఉద్యోగాలూ అడిగి ఉండి మీరు ఒకటి వదిలేసి ఉంటే, ఫారంతో పాటు ఆ లోపాన్ని సరిదిద్దుతూ ఒక చిన్న లేఖ జతచేయాలి. తర్వాత ఆ కంపెనీ ఇచ్చిన తొలగింపు ఉత్తర్వులో ఏ పదాలున్నాయో చూడండి. విడిచిన కారణం అన్న గడిలో 'వ్యక్తిగత కారణాలు' అని రాయడం మీ విషయంలో అబద్ధమే. 'చేరేటప్పుడు సమర్పించిన అనుభవ పత్రం సరైనది కాదని తేలినందున సేవలు ముగించారు' అన్నంత వరకు ఒక వాక్యం చాలు. దొంగ పత్రాన్ని వాడడం చట్టం దృష్టిలో నేరం కనుక, ఒప్పుకోలులా ధ్వనించే ఆ వాక్యాన్ని సంతకం పెట్టక ముందు ఒక న్యాయవాదికి చూపించండి. గంటకు తీసుకునే ఫీజు మీ రమ్మీ రోజులలో ఒక రాత్రి పోగొట్టుకున్నంత కూడా ఉండకపోవచ్చు. కంపెనీ పోలీసులకు ఫిర్యాదు చేయలేదని మీరు అనుకోవడం వేరు, చేయలేదని తెలియడం వేరు. ఎఫ్‌ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్లలో ఉంచాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది కాబట్టి కర్ణాటక పోలీసుల వెబ్‌సైటులోనూ, కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులోనూ మీ మీద ఏమైనా ఉందేమో ఒకసారి వెతికించండి.

మీరు ఒక్క వాక్యంలో దాటవేసిన చీటీ సంగతి దగ్గర నేను ఆగక తప్పదు. ఏ విశ్వవిద్యాలయమైనా మిమ్మల్ని పరీక్షల నుంచి డిబార్ చేసిందా (అంటే పరీక్షలు రాయకుండా నిషేధించిందా), రస్టికేట్ చేసిందా (అంటే బహిష్కరించిందా) అని ఫారం సూటిగా అడుగుతుంది. అరెస్టు, ప్రాసిక్యూషన్, నిర్బంధం, జరిమానా, శిక్షల వరసలోనే ఆ ప్రశ్న కూడా ఉంటుంది. మీకు అది పాత సంగతి, ఫారానికి మాత్రం కాలపరిమితి లేదు. ఆ రోజు మీకు ఇచ్చిన ఉత్తర్వు సంపాదించి చదవండి. ఆ సబ్జెక్టు ఫలితాన్ని రద్దు చేశామని మాత్రమే ఉంటే అది డిబార్ కాకపోవచ్చు, తర్వాతి పరీక్షలు రాయనివ్వలేదని ఉంటే అది నిస్సందేహంగా డిబారే. ఉత్తర్వు దొరకక సందేహం మిగిలితే 'అవును' అని రాసి, జరిగింది పక్కన రెండు వాక్యాలలో వివరించడమే నా సలహా. ఉన్నమాట చెబితే పరీక్షలో చీటీ మీ ఉద్యోగాన్ని పోగొట్టేంత పెద్ద తప్పు కాదని నా నమ్మకం. దాన్ని దాచి దొరికితే, అనుభవ పత్రంతో కలిపి చూసేవారికి అదొక అలవాటులా కనిపిస్తుంది.

అప్పుల మాటకు వద్దాం. ప్రభుత్వోద్యోగం వచ్చాక మీకు వర్తించే 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలలో 17వ నియమం, ఉద్యోగి తన సొంత వ్యవహారాలను అలవాటుగా అప్పుల్లో మునగకుండా నడుపుకోవాలని, అప్పు వసూలు కోసం తన మీద కోర్టు చర్య మొదలైతే వెంటనే పూర్తి వివరాలు ప్రభుత్వానికి తెలపాలని చెబుతుంది. దివాలా తీసే పరిస్థితి వస్తే, అది తన దుబారా వల్ల కాక ఊహించలేని పరిస్థితుల వల్ల వచ్చిందని నిరూపించుకునే భారం ఉద్యోగి మీదే ఉంటుంది. అప్పున్నవాడు చెడ్డవాడని కాదు దీని అర్థం. రాత్రిళ్లు రికవరీ ఏజెంట్ల ఫోన్లకు వణికే మనిషిని, నీ బాకీ నేను తీరుస్తాను ఒక్క ఫోటో పంపు అని అడిగే పరాయివాడు సులువుగా లొంగదీసుకోగలడన్నదే భద్రతా అధికారుల భయం. అందువల్ల వారు మీ అప్పు ఎంత అన్నదాని కన్నా అది ఎటు పోతోంది అని చూస్తారు. ప్రతి నెలా తగ్గుతున్న 7,40,000, ప్రతి నెలా పెరుగుతున్న 2,00,000 కన్నా మెరుగు.

చేతికి వచ్చే 46,000లో 20,000 అప్పులకే కేటాయించగలిగితే, ముందుగా లోన్ యాప్‌లను మూయండి, ఎందుకంటే వడ్డీ, వేధింపు రెండూ అక్కడే ఎక్కువ. ఆ యాప్ వెనుక రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న సంస్థ ఉందో లేదో ఆ బ్యాంకు వెబ్‌సైటులో 2025 జూలై నుంచి ఉంచుతున్న జాబితాలో సరిచూసుకోవచ్చు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది కాబట్టి అలాంటి ఫోన్ల వివరాలు రాసి పెట్టుకోండి. పర్సనల్ లోన్ కిస్తులు ఇకమీదట ఒక్కటి కూడా తప్పకుండా ముందుకు సాగనివ్వండి. క్రెడిట్ కార్డులవారు సగానికి సెటిల్‌మెంట్ ఇస్తామంటే వెంటనే తలూపవద్దు, ఎందుకంటే మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో అలాంటి ఖాతా 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని చాలా ఏళ్లు కనిపిస్తుంది. మీరు చేరబోయే సంస్థ దాన్ని చూడకపోవచ్చు. కానీ ఈ ఉద్యోగం దక్కక రేపు బ్యాంకు పరీక్షలు రాస్తే, అక్కడ నియామక ప్రకటనలలోనే సిబిల్ ప్రస్తావన ఉంటుంది, అప్పు ఎగవేత మచ్చ ఉన్నవారిని కొన్ని బ్యాంకులు నేరుగా అనర్హులంటున్నాయి. పూర్తిగా కట్టే వీలుంటే వాయిదాలు అడిగి పూర్తిగా కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకోండి. సిబిల్‌తో కలిపి అప్పుల చరిత్ర నమోదు చేసే నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏటా ఒక్కొక్క పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి, కాబట్టి వాటిని తెప్పించుకుంటే మీరు మరిచిపోయిన బాకీలేమైనా ఉంటే బయటపడతాయి. వీటన్నిటినీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. ఎవరూ అడగకపోతే అది మీ దగ్గరే ఉంటుంది, అడిగితే నోటితో చెప్పే పది మాటల కన్నా ఆ ఫైలు ఎక్కువ చెబుతుంది.

రమ్మీ ఆడినట్టు రాయమని ఏ గడీ అడగదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టివేయడంతో, హిందూపురంలో కూడని ఆట బెంగళూరులో చెల్లింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆ చట్టంలో శిక్షలు ఆడించేవారికీ, ప్రకటనలిచ్చేవారికీ, డబ్బు మళ్లించేవారికీ గానీ ఆడినవారికి కాదు. మీరు మానేశానని రాయలేదు, ఆడుతున్నానని కూడా రాయలేదు. ఇంకా ఆడుతుంటే పై లెక్కలన్నీ వృథా. మీరున్న ఊళ్లోనే నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థలో ఇలాంటి సాంకేతిక వ్యసనాల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీమానస్‌వారు తెలుగులోనే మాట్లాడతారు. వైద్యం చేయించుకోవడం మీ ఫారంలో మచ్చ కాదు.

చివరగా విచారణ ఎలా జరుగుతుందో తెలుసుకుంటే ఫారం నింపడం తేలికవుతుంది. గత అయిదేళ్లలో మీరు ఏడాదికి మించి ఉన్న ప్రతి చిరునామా ఫారంలో రాయాలి, కాబట్టి మారతహళ్లి పీజీ ఆ లెక్కలోకి వచ్చేదైతే అద్దె రసీదులు లేకపోయినా దాన్ని వదిలేయవద్దు. మీ సొంత ఊరు మీరు పుట్టినప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. సర్టిఫికెట్లలో పాత పేరున్నా ఫారంలో ఇప్పటి జిల్లా, ఇప్పటి పోలీసు స్టేషను రాయండి, లేకపోతే కాగితం అనంతపురం వెళ్లి, అక్కడి నుంచి పుట్టపర్తికి మళ్లి నెలలు గడుస్తాయి. అక్కడ విచారణలు చేసే పోలీసు విభాగమైన స్పెషల్ బ్రాంచి నుంచి కానిస్టేబులు మీ ఊరికి వచ్చి, మీ ఇంట్లోనూ ఇరుగుపొరుగు ఇళ్లలోనూ మీ గురించి అడుగుతారు. అబ్బాయి ఇంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశాడు అని కానిస్టేబులు మీ నాన్నగారిని అడిగితే, నాన్నగారు తనకు తెలిసినంత చెబుతారు, ఆ జవాబు మీ ఫారంతో సరిపోదు. అందుకని ఫారం పోస్టు చేసేలోపు నాన్నగారికి అంతా చెప్పండి. ఆ మాట ఫోనులో వద్దు, హిందూపురానికి బెంగళూరు నుంచి రైలూ ఉంది, బస్సూ ఉంది.